టేక్ మాటకు అరవై మూడు చీటీలు

టేక్ నాకు రాలేదు. మా చిన్నావిడకు ఇచ్చారు.

ఇందులో అంత బాధపడాల్సింది ఏముందో తెలియాలంటే మా ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. మాది నిఘంటువు తయారుచేసే ఆఫీసు. ఇంగ్లీషు మాటలకు మన భాషలో అర్థాలు రాయడం మా పని. నేను చేరి ఇరవై నాలుగేళ్ళయింది. చేరినప్పుడు బి అక్షరం నడుస్తోంది, ఇప్పుడు టి నడుస్తోంది. మాతో పందెం వేస్తే నత్త కూడా మధ్యలో ఓ కునుకు తీసి గెలుస్తుంది.

చిన్నావిడ అంటే నా తోడికోడలు, మా మరిది భార్య. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే బస్సెక్కి ఒకే ఆఫీసుకు వస్తాం. పద్నాలుగేళ్ళ కిందట ఆమెను ఈ ఉద్యోగంలో చేర్పించింది నేనే. ఆఫీసులో నన్ను పెద్దావిడ, ఆమెను చిన్నావిడ అంటారు. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారమంతా మా ఇద్దరికీ ఒకే మొగుడనుకుని మా వైపు జాలిగా చూస్తారు.

మాటల్లో చిన్నవీ పెద్దవీ ఉంటాయి. కెటిల్ అనే మాటకు పావుగంట చాలు. గెట్, గో, మేక్, రన్, టేక్ అలా కాదు. పిట్ట కొంచెం కూత ఘనం. మందు వేసుకోవడం టేకే, ఫోటో తీయడం టేకే, బస్సెక్కడం, గంట పట్టడం, జ్వరం చూడడం, సెలవు పెట్టడం, ఒకరిని చూసి ఇంకొకరనుకోవడం, అన్నీ టేకే. ఇలాంటి మాటలను మేం కొండ మాటలంటాం. కొండ మాట ముగిసిన చోట, అది రాసినవారి పొడి అక్షరాలు చిన్న టైపులో పడతాయి. రెండు వేల పేజీల పుస్తకంలో మనిషి జాడ కనిపించేది అక్కడ మాత్రమే.

గో మా సంపాదకుడు పెద్దాయనే రాసుకున్నారు. గెట్, మేక్ రాసినవాళ్ళు రిటైరై వెళ్ళిపోయారు. నాకు మాత్రం కెటిల్, కిడ్నీ, కైట్, లాడర్, నెయిల్ లాంటివి వస్తూ ఉన్నాయి. నేను టేక్ కోసం కాచుకు కూర్చున్నాను. వచ్చే ఏడాది నా రిటైర్మెంటు. టర్న్ వచ్చేసరికి నేను ఇంట్లో కూర్చుని ఉంటాను. అంటే టేకే నాకు ఆఖరి కొండ.

సోమవారం ఉదయం పెద్దాయన పంపకాల కాగితం చదివారు. "టేబుల్, టెయిల్, టాలో పెద్దావిడకి. టేక్ చిన్నావిడకి."

టాలో అంటే పశువుల కొవ్వు. అదీ నా వాటా.

ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం. సొరుగులోంచి కొత్త చీటీల కట్ట తీసి, టేబుల్ అని రాసి, బల్ల అని రాసి, ఆ బల్ల మీదే కాసేపు చేతులు పెట్టుకుని కూర్చున్నాను. నాకు అసూయ పుట్టింది. దానికి కాస్త మర్యాదైన పేరేదైనా దొరుకుతుందేమోనని వెతికాను. మాటలు వెతకడమే నా ఉద్యోగం, అయినా దొరకలేదు. నేను వేలు పట్టుకుని తెచ్చిన మనిషి. చీటీ ఎలా పట్టుకోవాలో, రబ్బరు బ్యాండు ఎన్ని చుట్లు వేయాలో నేర్పింది నేను. ఏకై వచ్చి మేకైంది.

"అక్కా, మీరడగాల్సింది" అంది చిన్నావిడ, సాయంత్రం బస్సులో. రోజూ ఆమె ముందెక్కుతుంది. పక్క సీటులో బ్యాగు పెట్టి నాకోసం ఆపుతుంది. నేను ఎక్కగానే బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. ఆ రోజూ అలాగే చేసింది.

"అడగడానికేముంది. నాకు టెయిల్ చాలు" అన్నాను.

మిగతా దారంతా కిటికీలోంచి బయటికి చూశాను.

మా పనిలో పెద్దాయన పెట్టిన కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది, అర్థం సొంతంగా అల్లకూడదు. ఇంగ్లీషు వాక్యానికి సరిపోయే మన వాక్యాన్ని ఎవరైనా మామూలుగా మాట్లాడుతుండగా చెవులారా విని రాయాలి. "విన్నమాట రాయండి, కన్నమాట వద్దు" అంటారాయన. చీటీకి ముందు వైపు ఇంగ్లీషు వాక్యం, కింద మన వాక్యం. వెనక వైపు ఆ మాట ఎవరన్నారు, ఎక్కడ, ఎప్పుడు.

రెండోది, చీటీలు సరిచూసేవాళ్ళు వెనక వైపు చూడకూడదు. దీనికో కారణముంది. పూర్వం ఒక చీటీ వెనక పెద్దాయన భార్య పేరుంది. అది పరమ అధ్వాన్నమైన వాక్యమైనా దాన్ని కొట్టేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది, అచ్చయి కూర్చుంది. అప్పటినుంచి వెనక వైపు చూసేది పెద్దాయన ఒక్కరే, అదీ అన్నిటికంటే చివర్న.

మూడోది, విని పదేళ్ళు దాటిన మాటైతే, అన్న మనిషి దగ్గరికే మళ్ళీ వెళ్ళి "ఈ మాట మీరు ఇప్పటికీ అంటారా?" అని అడగాలి. వాళ్ళు ఆ వాక్యం మొత్తం తమ నోటితో అని, చీటీ వెనక సంతకం పెట్టాలి. అననంటే ఆ అర్థం పక్కన "పాత వాడుక" అని పడుతుంది. నేనొకసారి రెండు బస్సులు మారి ఒక ముసలి దర్జీ దగ్గరికి వెళ్ళి అడిగితే, "పళ్ళూడిపోయాకమ్మా, ఇప్పుడు నేనేమీ అనడం లేదు" అన్నాడు.

నాలుగోది చీటీ పోతే ఏం చేయాలన్నది. పోయిన చీటీ మళ్ళీ రాయకూడదు. రాయనిస్తే జనం కన్నమాటలతో ఖాళీలు పూడుస్తారని ఆయన భయం. కొండ మాటలో చీటీ పోగొట్టినవారి పొడి అక్షరాలు పడవు.

చిన్నావిడ రెండు నెలల్లో టేక్ ముగించింది. అరవై మూడు చీటీలు. సరిచూడడానికి పెద్దాయన ఆ కట్టను తెచ్చి నా బల్ల మీదే పెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

తప్పులు దొరకాలని మొక్కుకుంటూ రబ్బరు బ్యాండు తీశాను. మొదటి రోజు ఇరవై చీటీలు చూశాను, ఒక్క తప్పూ లేదు. తప్పు లేకపోవడం కాదు నన్ను బాధపెట్టింది. ఆ వాక్యాలు బాగున్నాయి. టైము పట్టడానికి ఇలా ఉంది: "నీ ముస్తాబుకి పట్టే టైములో రెండిళ్ళు కట్టొచ్చు." సూచన అందుకోవడానికి: "మూడుసార్లు ఆవలించాను, ఆ మనిషి లేస్తేనా." ఒకరి మీది కోపం ఇంకొకరి మీద చూపించడానికి నేనైతే అత్త మీద కోపం దుత్త మీద అనే సామెత రాసి చేతులు దులుపుకునేదాన్ని. ఆమె రాసింది: "ఆఫీసులో తిట్లు తినొచ్చి గిన్నెల మీద పడితే, గిన్నెలేం చేశాయి పాపం?"

నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఒళ్ళు మండింది.

రెండో రోజు ముప్పై మూడో చీటీ దగ్గర ఆగిపోయాను. "ఆ నీలం బకెట్టు అక్కణ్ణించి తీసెయ్యండర్రా, ఎవరైనా తన్నుకుని పడతారు." ఆ బకెట్టు నాకు తెలుసు. అది మా ఇంట్లోది. మెట్ల పక్కన ఉంటుంది, అడుగున చిల్లి, అయినా ఎవరూ పారేయరు. అంటే ఇవి మా ఇంట్లో విన్న మాటలు.

ఎవరివి? మా ఇంట్లో మగవాళ్ళిద్దరూ పేపరు చదువుతూ ఊఁ కొడతారు తప్ప ఇంత మాట్లాడరు. పిల్లలు మాట్లాడే భాష వేరు. ఇంత కమ్మగా మాట్లాడే నోరు మా ఇంట్లో ఉందంటే అది అత్తగారిదే అయ్యుండాలి. నాకు ఒక్కసారిగా అర్థమైందనిపించింది. ఆదివారాలు మధ్యాహ్నం అత్తగారూ చిన్నావిడా గదిలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడతారు. తలుపు దగ్గరగా వేసి ఉంటుంది, లోపలినుంచి మాటలు గొణుగుడుగా వినిపిస్తాయి. నేను లోపలికి వెళ్తే ఆగిపోతాయి. నేను ఆ ఇంటికొచ్చి ఇరవై ఏడేళ్ళు. ఆవిడ నాతో మాట్లాడిన మాటలన్నీ రాస్తే ఒక చీటీకి ఒక వైపు సరిపోతుంది. తలుపు వెయ్యి. దీపం ఆర్పు. పాలవాడొచ్చాడు. ఆ నోట్లోంచేనా ఈ వాక్యాలన్నీ చిన్నదాని ఒళ్ళో రాలాయి?

టేక్ పోయింది సరే. అత్తగారు కూడా నాకు తెలియకుండానే పోయారు.

నాలుగో రోజు, గురువారం మధ్యాహ్నం, నలభై ఒకటో చీటీ వచ్చింది. టేక్ టు అనే వాడుక. ఒక మనిషిని చూడగానే ఆ మనిషితో మనసు కలిసిపోవడం. నేనైతే ఇష్టపడు, అభిమానించు అని రాసేదాన్ని. చీటీ మీద ఇలా ఉంది:

"గడప దాటి వచ్చిన పూటే ఆ పిల్ల నాకు కావలసిన మనిషైపోయింది."

దాన్ని మూడుసార్లు చదివాను. కావలసిన మనిషి. మన భాషలో చుట్టానికీ ఆప్తుడికీ కలిపి ఇంత చిన్న మాట ఉందని, అది టేక్ పక్కన కూర్చోగలదని, ఇన్నేళ్ళలో నాకు ఎన్నడూ తట్టలేదు. ఆ పిల్ల ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేదు. అత్తగారు చిన్న కోడలి గురించి ఎవరితోనో అన్న మాట. ఆమె వింది, మురిసింది, రాసుకుంది. ఇప్పుడది అచ్చవుతుంది. నేను రిటైరయ్యాక కూడా, అత్తగారు పోయాక కూడా, ఆ పిల్ల కావలసిన మనిషిగా ఆ పేజీలో ఉంటుంది.

నా కళ్ళజోడు పెట్టె బల్ల మీద తెరిచి ఉంది. చీటీ అందులో పెట్టి మూత వేశాను. అంత తేలిగ్గా అయిపోయింది. మిగతావి కూడా చదివి, కట్ట మీద "సరి" అని రాసి, పెద్దాయన గదిలో పెట్టి వచ్చాను.

శుక్రవారం పదింటికి ఆయన చీటీలు లెక్కపెట్టారు. వేళ్ళు తడి చేసుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టారు. మా గదులకు మధ్య ఉన్నది చెక్క అడ్డే, అన్నీ వినిపిస్తాయి.

"చిన్నావిడా, ఇలా రండమ్మా. అరవై మూడని రాశారు. అరవై రెండే ఉన్నాయి."

ఆమె వెళ్ళింది. చీటీలు తిరగేసిన చప్పుడు నిమిషం కూడా వినిపించలేదు.

"నలభై ఒకటి లేదండీ."

"ఎవరెవరి చేతుల్లోకి వెళ్ళింది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి కళ్ళజోడు పెట్టె మీదికి వెళ్ళింది. ఆ అడ్డుకు పైభాగంలో గాజు పలక ఉంది. అందులోంచి చిన్నావిడ నన్ను చూసింది. చూసింది చేతినో, నా ముఖాన్నో తెలియలేదు.

"నేనే పోగొట్టుంటానండీ" అంది. "ఇచ్చేముందు ఇంటికి తీసుకెళ్ళాను."

"మీకు నియమం తెలుసు కదా."

"తెలుసండీ."

అంతే. టేక్ కింద ఖాళీ ఉంటుంది. నాకూ లేదు, ఆమెకూ లేదు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు సరికదా, అసూయ ఇంకో మెట్టెక్కింది. ఆ నేరం నెత్తినేసుకున్న తీరు చూశారా. మంచితనంలో కూడా నాకంటే ముందే వెళ్ళి సీటు పట్టేసింది.

ఆ సాయంత్రం కూడా బస్సులో నాకోసం సీటు ఆపింది. తర్వాతి వారమంతా ఆపింది. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. చీటీ నా కళ్ళజోడు పెట్టెలోనే ఉంది. రోజుకు పదిసార్లు పెట్టె తెరుస్తాను, పదిసార్లూ ఆ వాక్యం కనిపిస్తుంది. చింపేద్దామనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళలో చీటీ చింపిన చేయి కాదు, రాలేదు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఉదయం వంటింట్లో ఉన్నాను. అత్తగారు ముందు గదిలో పేపరు చదువుకోవడానికి కూర్చున్నారు. ఆవిడ కళ్ళజోడు ఎప్పుడూ దొరకదు, దొరకనప్పుడల్లా నాది తీసుకుంటారు. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి నా పెట్టె ఆవిడ ఒళ్ళో తెరిచి ఉంది. నా కళ్ళజోడు ఆవిడ ముక్కు మీద ఉంది. చీటీ ఆవిడ చేతిలో ఉంది.

ముందు వైపు పెదాలు కదుపుతూ చదివారు. తర్వాత, ప్రపంచంలో మా ఆఫీసువాళ్ళు తప్ప ఎవరైనా ఏం చేస్తారో అదే చేశారు. చీటీ తిప్పి వెనక వైపు చదివారు.

"నువ్వన్న మాట నువ్వే దాచుకున్నావేమిటే?" అన్నారు.

"నేనన్నది కాదత్తయ్యా. మీరన్నది."

"నేనెప్పుడు అంత మాట్లాడాను?"

అదీ నిజమే. చీటీ తీసుకుని వెనక వైపు చూశాను. చిన్నావిడ గుండ్రటి రాత. అన్నవారు: మా అక్క. ఎక్కడ: మా ఇంట్లో, వంటింటి గుమ్మం దగ్గర, అత్తయ్యతో. ఎప్పుడు: పదిహేడేళ్ళ కిందట, నేను ఈ ఇంటికి వచ్చిన మూడో రోజు.

"నేనెప్పుడన్నాను?" అన్నాను. నిజంగానే గుర్తు లేదు.

అత్తగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "దానికి పనీపాటా రాదు, పుస్తకాలు పట్టుకు కూర్చుంటుంది, ఇలాంటిదాన్ని తెచ్చుకున్నామేమిటి అన్నాను నీతో. చేతిలో గిన్నె కిందపెట్టి నా మీదికి లేచావు. ఈ మాటన్నావు. ఇంకెప్పుడూ దాన్నేమీ అనొద్దు అన్నావు. అప్పటినుంచీ అనలేదు నేను."

"ఆదివారాలు గదిలో ఏం మాట్లాడుకుంటారు మీరిద్దరూ?"

"నేనేం మాట్లాడతాను. నీ మాటలే చెబుతుంది. అక్క ఇవాళ ఇలా అంది, అలా అంది అని. వింటాను." మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని పేపరు విప్పారు. "దొంగమొహాలూ మీరూనూ. తలుపు వెయ్యి, గాలికి పేపరు ఎగురుతోంది."

తలుపు వేశాను. ముప్పై మూడో చీటీలో నీలం బకెట్టు తీసెయ్యమని అరిచింది ఎవరో అప్పటికి అర్థమైంది. రోజూ అరుస్తాను. గిన్నెలేం చేశాయి పాపం అన్నది మా ఆయనతో. మూడుసార్లు ఆవలించింది మా ఆయన స్నేహితుడొచ్చినప్పుడు.

చిన్నావిడ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. వెళ్ళి చీటీ చాచాను. తడి చేతులు చీరకు తుడుచుకుని అందుకుంది. ఏ చీటీయో చూడలేదు. చూడాల్సిన అవసరం లేదని ఆమె ముఖంలోనే తెలిసింది.

"నేనే తీశాను" అన్నాను.

"తెలుసు."

"ఇవాళే వెనక వైపు చూశాను. అత్తయ్య తిప్పితే."

ఆమె అప్పుడు నన్ను సూటిగా చూసింది. "పది రోజులు మీ దగ్గరే ఉంటే ఒక్కసారి కూడా తిప్పి చూళ్ళేదా?"

"వెనక చూడకూడదు కదా. నియమం."

"తియ్యకూడదని కూడా నియమమే కదక్కా."

పదహారేళ్ళ పిల్లలా నిలబడ్డాను. ఆమె ఒక దుప్పటి దులిపి తీగ మీద వేసింది. చాలాసేపు దాని అంచులు సరిచేసింది.

"రోజూ పక్కనే కూర్చున్నాను బస్సులో" అంది దుప్పటి అవతలి నుంచి. "ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అని చూశాను. టేక్ పోయినందుకు కాదు నాకు కోపం. మీరు చెబుతారని అన్ని రోజులు అనుకున్నాను చూడండి, అందుకు."

"పెద్దాయనతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మిమ్మల్ని ఆఖరి ఏడాది పంపించేసేవాళ్ళు. నాకు ఇంకా టర్న్ ఉంది. మీకేముంది?"

టాలో ఉంది అందామనుకున్నాను. నవ్వించే సమయం కాదని ఊరుకున్నాను. ఆమె చీటీ నా చేతిలోనే తిరిగి పెట్టింది. "ఎక్కణ్ణించి తీశారో అక్కడే పెట్టండి" అని కిందికి వెళ్ళిపోయింది. మిగిలిన బట్టలు నేను ఆరేశాను.

సోమవారం పెద్దాయన గదిలోకి వెళ్ళి చీటీ బల్ల మీద పెట్టాను. ఎవరు తీశారో, ఎందుకు తీశారో చెప్పాను. అసూయతో అని చెప్పాను, ఇంకో మాట వాడలేదు. ఆయన టేక్ కట్ట విప్పి, చీటీలన్నీ పేకముక్కల్లా బల్ల మీద బోర్లా పరిచారు. మా అక్క. మా అక్క. ఒక కండక్టరు. మా అక్క. పక్కింటి నర్సు. మా అక్క. మా అక్క. ముప్పైకి పైనే ఉంటాయి. నేను లెక్క పూర్తి చేయలేకపోయాను.

"టేక్ మీకెందుకివ్వలేదో అడిగుంటే అప్పుడే చెప్పేవాణ్ణి" అన్నారు. "మీరు రాస్తే ఇవేవీ రావు. ఎవరి మాట వాళ్ళకి వినపడదు. ఆవిడ పద్నాలుగేళ్ళుగా మీ వెనకాల తిరిగి వింటోంది. ఈ మాట ఆవిడ రాయాలి, మీరు అనాలి. అలా అనుకున్నాను."

"నన్ను పంపించేస్తారా?"

"రిటైరయ్యేదాకా ఇంకొకరి చీటీలు ముట్టుకోకండి. టాలో మీదే." చిన్నావిడను లోపలికి పిలిచారు. "మీ పొడి అక్షరాలు మీకు పడతాయి. కానీ ఇది పదేళ్ళు దాటిన మాట. అన్న మనిషి ఇక్కడే ఉంది. అడగండి."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. చిన్నావిడ నా ఎదురు కుర్చీలో కూర్చుని, చీటీ బోర్లా పెట్టి, పెన్ను మూత తీసింది. నర్సులను, దర్జీలను, కండక్టర్లను అడిగే గొంతుతోనే అడిగింది.

"ఈ మాట మీరు ఇప్పటికీ అంటారా?"

నేను ఈ ప్రశ్న ఎన్ని వందలమందిని అడిగానో. జవాబివ్వడం ఇంత కష్టమని ఏ ఒక్కరూ చెప్పలేదు. రెండు నెలలుగా ఆమె ముఖం చూస్తే కడుపు మండింది. ఆమె పేరు అచ్చులో పడకుండా చేశాను. చీటీ దాచిన ఆ గురువారం ఎవరైనా అడిగుంటే, పాత వాడుక అని రాసుకోమనేదాన్ని.

"మొన్నటిదాకా అయితే" అని మొదలుపెట్టాను.

"మొన్నటి సంగతి అడగలేదు. ఇప్పుడంటారా?"

"అంటాను."

పెన్ను కదల్లేదు. "వాక్యం మొత్తం మీ నోటితో అనాలి."

నియమం. నేనే నేర్పాను ఆమెకు. ఆమె చీటీ వైపు చూస్తోంది, నేను ఆమె పాపిట వైపు చూస్తున్నాను. అక్కడ కొన్ని వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఎప్పుడు తెల్లబడ్డాయో నేను గమనించలేదు.

"గడప దాటి వచ్చిన పూటే" అన్నాను. ఆగి, మళ్ళీ అందుకున్నాను. "ఆ పిల్ల నాకు కావలసిన మనిషైపోయింది."

ఆమె తలెత్తలేదు. ఇప్పటికీ అని రాసింది, తేదీ వేసింది, చీటీ నా వైపు జరిపింది. సంతకం పెట్టే చోట నేను పొడి అక్షరాలు వేశాను. అలా టేక్ మీద నా అక్షరాలు కూడా పడ్డాయి, ఎవరూ చూడని వెనక వైపు.

సాయంత్రం బస్సు నిండుగా ఉంది. చిన్నావిడ కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటులో ఆమె బ్యాగు ఉంది. నేను ఎక్కి దగ్గరికి వెళ్ళినా తీయలేదు, బయటికి చూస్తూనే ఉంది. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఒక పెద్దమనిషి ఆ సీటు ఖాళీయేనా అని అడిగాడు. "కాదండీ, మావాళ్ళున్నారు" అంది, అతని వైపు తిరక్కుండానే.

నాలుగో స్టాపు దాటాక బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను కూర్చున్నాను.